ముప్పైరెండో అడుగు

నాకు పెద్ద తాళాలిచ్చాడు బ్యాండ్ మాస్టర్ జ్ఞానప్రకాశం,
వేరే దేనికీ పనికిరానని తేలాక.
బ్యూగిల్ ఊదితే ఉత్త గాలొచ్చేది,
సైడ్ డ్రమ్ము ముట్టుకుంటే రేకుల మీద వాన.
ముప్పై ఒక్క అడుగులు ఊరికే నడవాలి,
ముప్పైరెండో అడుక్కి ఒకే ఒక్క దెబ్బ.
"కొట్టేది ఎవుడైనా కొడతాడు నాయనా,
ఆగేది నేర్చుకో" అన్నాడు.

చిత్తూరులో మా కాలేజీ గ్రౌండు,
పొద్దున ఐదున్నరకి మంచు, గరిక, కుక్కలు.
కట్టమంచి నించి సైకిల్లో వచ్చేవాడు,
పాత ట్యూబుతో క్యారియర్‌కి కట్టిన యూఫోనియం
చుట్టమొచ్చినట్టు వెనకాల కూర్చునేది.
బ్రాసోకి డబ్బులు ఏ ఆఫీసూ ఇయ్యలేదు.
హాస్టలు మెస్సులో పిండి పారేసిన చింతపండుతో
తోమేవాళ్లం ఇత్తడిని.
ఆగస్టు పదైదున మా బాజాలన్నీ
బంగారంలా మెరిసేవి, రసం వాసనేసేవి.
పెరేడ్ అయినాక మనిషికి రెండు పూరీలు.
తన రెండూ ఏలుమలైకి పెట్టేవాడు,
వాడి కంటే వాడు మోసే డ్రమ్మే లావు.

ఇరవై రెండేళ్లు పటాలం బ్యాండులో ఉన్నాడు.
పచ్‌మఢీలో నొటేషను నేర్చాడు.
పెదాల మీద మౌత్‌పీసు గుండ్రం
ఉంగరం తీసేసిన వేలి మీద జాడలా మిగిలిపోయింది.
దాని గురించి అడిగితే చెప్పేవాడు.
వాళ్ల నాయన గురించి అడిగితే
డ్రమ్ము తాళ్లు బిగించేవాడు.

అయినా మాకు తెలుసు.
సంతపేట ముసలోళ్లు చెప్పారు.
వాళ్ల నాయన మునెయ్య పలక కొడితే
గంగజాతరలో పూనకం రానోళ్లు కూడా
చెప్పులు విడిచి పక్కన పెట్టేవాళ్లంట.
శవం ముందర కొట్టినా ఆ చెయ్యే.
కూలి మాత్రం దూరం నించి విసిరేవాళ్లంట.
మట్టిలో ఆ చిల్లర ఏరింది
ఏడేళ్ల ఈ ప్రకాశమే.

మా మార్చి కాస్త కుంటేది.
లెఫ్ట్‌కీ రైట్‌కీ నడుమ వెంట్రుకంత ఆలస్యం,
గుమ్మం దాటబోతూ ఏదో గుర్తొచ్చినట్టు.
తిరుపతి నించి తనిఖీకొచ్చిన కర్నలు పట్టేశాడు.
"మాస్టర్, మీ డ్రమ్ముల్లో ఏదో ఊపుంది. సరిచెయ్యండి."
"సార్" అని సెల్యూటు కొట్టాడు,
మడమలు ఠప్పుమన్నాయి.
సరిచెయ్యలేదు.
ఆ ఏడూ, మరుసటేడూ,
నేను డిగ్రీ తప్పి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరిన ఏడూ.

మొన్న జెండా పండక్కి మా పాపను తీసుకుని పోయినా.
బ్యాండు లేదు. బాజాలు స్టోరు రూములో,
యూఫోనియంలో ఉడత కాపురమంట.
రెండు నల్ల స్పీకర్లు, ఒక పెన్‌డ్రైవు.
మార్చి మొదలైంది, స్కేలు పెట్టి గీసినట్టు.
వెనక వరసలో, ప్లాస్టిక్ కుర్చీలో మాస్టరు.
మలుపు దగ్గర పిల్లల అడుగు తప్పింది.
అలవాటుగా ఎడమ చెయ్యెత్తి పిడికిలి మూశాడు, ఆపమని.
స్పీకరు ఆ చేతిని చూళ్లేదు.

లెక్క పెడుతున్నానని నాకే తెలీదు.
ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి...
ఖాళీ అరచేతులు కలిశాయి.
ఒకటే చప్పట, గ్రౌండంతా వినపడేలా.
పాప సిగ్గుపడి నా చొక్కా లాగింది.
ప్రిన్సిపాలు అటూ ఇటూ చూశాడు.

మాస్టరు తిరగలేదు.
హవాయి చెప్పులో ఎడమ మడమ మాత్రం
వెంట్రుకంత ఆలస్యంగా
నేలను తాకతా ఉంది.