నాలుగు సిలిండర్లు

గోపింగెన్‌లో నవంబరు వాన.
షోరూమ్ అద్దాలకి ఆవిరి పట్టిన పూట
గొడుగైనా దులపకుండా లోపలికొచ్చాడు ఓట్‌మార్ క్రౌటర్.
డెబ్బై ఒకటి. గోళ్ళు మాత్రం పెళ్ళికొడుకువి.
"పెద్ద సెడాన్ కావాలి. నల్లది వద్దు, శవాల బండిలా ఉంటుంది.
రంగులు తర్వాత. ముందు ఇంజన్లు చూపించు" అన్నాడు,
చేపల బజారులో మొప్పలెత్తి చూపమన్నట్టు.

కొత్తగా చేరినవాణ్ణి. నోరు ఆగదు నాకు.
ఎనిమిది సిలిండర్లతోనే అందుకున్నాను:
నాలుగుంబావు సెకన్లలో వంద దాటుతుంది సార్,
వీపు సీటుకి అంటుకుపోతుంది,
మీరు చెప్పబోయే మాట గొంతులోనే వెనక్కి జారుతుంది.
స్టార్ట్ చేశాను. పక్కగదిలో టైపిస్టు తలెత్తి చూసింది.
ఆయన బానెట్ మీద అరచెయ్యి పరిచి
పుచ్చకాయ కొనేవాడిలా కాసేపు ఆగాడు.
"ఊ. తర్వాత?"

తర్వాతది ఆరు. వరసగా ఆరు, పెట్రోలు.
ఒకదాని విసురుని ఇంకొకటి పుచ్చుకుని
వెన్నలో కత్తిలా తిరిగే ఆరు పిస్టన్లు.
జేబులోంచి యూరో నాణెం తీసి
ఇంజను మూత మీద అంచున నిలబెట్టాను.
కదల్లేదు.
నాణెం వంకే చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు.
"ఆన్‌లోనే ఉందా?" అన్నాడు.
ఉందండీ అన్నాను. మళ్ళీ అన్నాను, గట్టిగా.
అప్పటికీ నా మట్టిబుర్రకి తట్టలేదు.

కరెంటుదాని దగ్గరికి తీసుకెళ్ళి
చెయ్యి చాపి, గర్వంగా,
"ఇందులో అసలు చప్పుడే ఉండదు సార్!"
నవ్వాడు.
"అదా? అది నాకు ఉచితంగానే వస్తోంది బాబూ."

ఇక మిగిలింది వెనక షెడ్డులో
టాక్సీవాళ్ళ కోసం ఉంచిన డీజిలు.
రెండు లీటర్లు, నాలుగు సిలిండర్లు.
చలికి మొండికేసి, దగ్గి, లేచింది
డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టు.
ఆయన స్టీరింగు పట్టుకుని కళ్ళు మూశాడు.
మణికట్టు, మోచెయ్యి, భుజం.
వణుకు మెట్టుమెట్టుగా ఎక్కడం
బయట నిలబడ్డ నాకే కనిపించింది.
"ఎక్కు, ఎర్జాన్. ఆల్బ్ కొండ ఎక్కి వద్దాం."

డ్రాకెన్‌స్టైన్ దగ్గర లారీలు పాక్కుంటూ పోతున్నాయి.
మీటరు ముల్లు పదహారొందల మీదే
ఎద్దు మెడ వంచినట్టు వంచి లాగింది బండి.
మొదటి సొరంగం దాటాక చెప్పాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా:
"ముప్పై నాలుగేళ్ళు ఇంజన్ల పరీక్షగదిలో చేశాను.
ఆ ఆరు సిలిండర్లది, దాని తాతముత్తాతలు, నా చేతి మీదుగా పోయినవే.
స్క్రూడ్రైవర్ కొన బ్లాకుకి, పిడి చెవికి.
ఒక్క వాల్వు ఆలస్యంగా మూసుకున్నా పట్టేసేవాణ్ణి.
ఇంకా నున్నగా అనేవాళ్ళు పైవాళ్ళు. చేసేవాళ్ళం.
ఇంకా. చేసేవాళ్ళం.
ఎంత నున్నగా చేశామంటే
ఇవాళ నాకే అందడంలేదు."

వాన తుడిచే రబ్బరు అటూ ఇటూ.
నేను మొదటిసారి నోరు మూసుకున్నాను.

కాగితాల దగ్గర మేనేజరు నన్ను పక్కకి లాగి
"కోటలో పాగా వేసే డబ్బున్న మనిషికి టాక్సీ ఇంజను అమ్ముతావా?
చెవిటివాడి ముందు శంఖం ఊదొచ్చావన్నమాట" అన్నాడు.
ఊదాను సార్. ఆయన దాన్ని చేత్తో తడిమి, ఇదే కావాలన్నాడు.
కమీషను సగం పోయింది. పోనీ.

డిసెంబరులో, బండి అప్పగించే రోజు,
బానెట్ ఎత్తించి నాణెం అడిగాడు.
మూత మీద అంచున నిలబెట్టాడు.
అది రెండు క్షణాలు చిందులేసి
ఎక్కడో ఇంజను కడుపులోకి జారిపోయింది.
తీద్దామని చెయ్యి పెట్టబోతే ఆపాడు.
వంగి, నా మొహంలోకి చూస్తూ అడిగాడు:
"మోగుతోందా?"

తల వంచి విన్నాను.
కొంచెం, అన్నాను. ఎడమవైపు.