మూడో చెయ్యి

నరసాపురం బస్టాండు వెనకాల నా కొట్టు.
చిన్న బల్ల, ఒక దీపం, ఒక భూతద్దం.
సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలికి
ఇక్కడ చార్జింగు పిన్నులు మనుషులకంటే ముందే ముసలివవుతాయి.

ఎస్తేరమ్మ తన ట్యాబుని
పసిబిడ్డని దించినట్టు బల్ల మీద దించింది.
దానికి లేసు తొడుగు. తనే అల్లింది.
"బొమ్మ ఆగిపోతందండి అమ్మాయిగారూ,
మధ్యలో గుండ్రం ఒకటే తిరుగుతంది."

అందరి ఫోన్లూ రబ్బరు కవర్లలో ఉడికిపోయి వస్తాయి నా దగ్గరికి.
దీనికొక్కదానికే
ఒంటినిండా కిటికీలు.

తొమ్మిదేళ్ల నాటి సరుకు. ఒక్క జీబీ ర్యాము.
అంటే ఒక్క పడవ పట్టే కాలువ.
తెరిచి చూస్తే లోపలంతా గుర్రపుడెక్క:
మనవడు ఆడి వదిలేసిన బైకు పందేలు,
ఎప్పుడో చూసిన వీడియోల నీడలు,
ఉపవాస కూటాల ఫోటోలు ఒక్కోటీ మూడేసి సార్లు,
ఎవరెవరో పంపిన శుభోదయాలు వెయ్యినూటపదహార్లు.
ఏదీ పారదు. ఏదీ పోదు.
పైకి మాత్రం ఊదాపూలు.

ఎండాకాలం కాలువలు కట్టేశాక
మా నాన్న పూడిక పనికి పోయేవాడు.
కర్రకి కొడవలి కట్టి
నడుంలోతు బురదలో నిలబడి డెక్క లాగేవాడు.
నేను కుర్చీలో కూర్చుని వేలితో లాగుతున్నాను.
కూలి ఇంచుమించు అంతే.

అప్పటికీ ఆగి ఆగే వస్తోంది బొమ్మ.
నీళ్లు చాలని ఏడాది శివారు చేలకి
వంతులు పెడతారు చూడండి,
అలా నేనూ పెట్టాను.
ఏడొందల ఇరవై నుంచి మూడొందల అరవైకి దించాను.
మంచులో అవతలి రేవు పంటులాగా
కాస్త మసకేసింది.
మసకేసినా, కదిలింది.

ఎవరో పరాయిదేశపావిడ. మొహం కనపడదు.
తెల్లటి చేతులు, కొక్కెపు సూది, అనాసపువ్వు డిజైను.
మొదలు నుంచి చివరిదాకా
ఒక్కచోట కూడా తొట్రుపడకుండా నడిచింది వీడియో.
నేను గెలిచినట్టు తలెత్తాను.

ఎస్తేరమ్మ వేళ్లు గాల్లో కాసేపు వెంటపడి
వెనకబడి
ఆగిపోయాయి.

"ఆగట్లేదేంటండీ?"
"బాగయిపోయిందమ్మా."
"అదేనండి. ఇదివరకు మెలిక దగ్గరికొచ్చేసరికి ఆగేది.
ఆ గుండ్రం తిరిగినంతసేపూ లెక్క చూసుకునేదాన్ని,
మూడు గొలుసులు, ఒక ఖాళీ గడి.
అది కదిలేసరికి నాదీ అయిపోయేది."

తాకితే ఆగుతుందని చూపించాను.
తను తన రెండు చేతులూ చూపించింది.
"దీంట్లో దారం. దీంట్లో సూది.
తాకడానికి మూడోది ఏదండీ?"

ఇన్నేళ్లలో
నా దగ్గరికి ఆలస్యం కావాలని వచ్చిన మనిషి లేదు.
ఏజెంటు మామూలు పువ్వుకి ఆరు రూపాయలిస్తాడట.
ఇది నేర్చుకుంటే పద్నాలుగు.

వేగం సగానికి తగ్గించాను. చాలదంది.
పావుకి.
తెల్లచేతులు నీళ్లలో మునిగినట్టయ్యాయి,
గొంతు నిద్రలో పలవరించినట్టు సాగింది.
"ఆ మాటలు తీసెయ్యండి,
ఆవిడ భాష నాకెలాగూ రాదు. చేతులు చాలు."

మాట తీసేశాను.
బల్ల మీద నాలుగు చేతులు,
రెండు తెరలో, రెండు బయట,
ఒకే దారం ఇటూ అటూ పట్టుకున్నట్టు
చాలాసేపు.
వెనకాల పాలకొల్లు బస్సు హారను కొడుతూనే ఉంది.

ఎనభై రూపాయలు తీసుకున్నాను.
లేసు తొడుగు తొడిగి, చంకన పెట్టుకుని వెళ్లింది.

మళ్లీ శుక్రవారం వచ్చింది, రిపేరుకి కాదు.
చీరకొంగు ముడి విప్పి అనాసపువ్వు తీసి
భూతద్దం కింద పెట్టింది.
చూశాను. నాలుగో వరసలో
ఒక గొలుసు ఎక్కువ పడింది.

అడక్కుండానే చెప్పింది:
"అక్కడ కోడి ఎగిరి ఒళ్లో పడిందండి.
ట్యాబుది తప్పేం లేదు."