గమనికల గడి

కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టు మీద రెండో అంతస్తు.
కింద పిక్కలు కాలుతుంటే
నా కీబోర్డు సందుల్లో కూడా ఆ వాసనే.
ఇక్కడ నేను ప్రోగ్రామర్ని.
నా కంప్యూటర్‌కి మాత్రం చుట్టపుచూపు మనిషిని.

తెర మీద ఒక మంచుకొండ. మార్చడానికి వీల్లేదు.
ఏ దేశపు మంచో తెలీదు గానీ
మే నెలలో కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినప్పుడు
యూపీఎస్ మీద వెలిగే ఆ కొండవేపే
అందరం చూస్తూ కూచుంటాం.

కుడిచేతి మూల గడియారం ఏడు నిమిషాలు ముందు.
సరిచేద్దామని నొక్కితే
"మీ నిర్వాహకుణ్ణి సంప్రదించండి" అంటుంది.
నిర్వాహకుడు సనపల ఢిల్లేశ్వర్రావు
ఉద్యోగం మానేసి రెండేళ్లు.
ఇప్పుడు భావనపాడు దగ్గర రొయ్యల చెరువులు.
ఫోను చేస్తే వెనకాల నీళ్లు చిలికే చప్పుడు:
"పాస్‌వర్డా? ఏటో పెట్టీసినాను బావూ,
మా ఎద్దు పేరు, ఎనకాల ఏదో అంకె.
ఎద్దుని అమ్మీసినాం గదా, పేరు కూడా పోనాది."

హైదరాబాదుకి టికెట్ రాశాను.
నంబరొచ్చింది.
నంబరే వచ్చింది.

ఈలోగా అలవాటు పడ్డాం.
సేవ్ నొక్కాక మౌసు కదుపుతూనే ఉండాలి,
ఊపినంతసేపూ మేలుకుని
ఆపగానే నిద్రపోయే వింత చంటిది అది.
ప్రింటరు మొదటి కాగితం తెల్లగానే వదుల్తుంది.
దమయంతి వాటిని కుట్టి
కొడుక్కి లెక్కల పుస్తకాలు చేసింది, ఇప్పటికి నాలుగు.

మార్చిలో ఒకామె జీతం చీటీ పట్టుకుని మెట్లెక్కొచ్చింది.
జీడిరసానికి నల్లబడి నున్నబడ్డ వేళ్లు,
వేలిముద్ర యంత్రం ఏనాడూ ఆమెని ఒప్పుకోలేదు.
"నాకు సదువు రాదు బాబూ, మనవరాలు సదివింది.
బొడ్డేపల్లి అప్పలనరస అని ఉందట.
మ్మ ఏటైపోనాది?"

ఎవరో ఎప్పుడో ఇంగ్లీషు పేర్ల కొలతకి కోసిన గడి.
ఇరవై పడతాయి.
ఆమె ముందే లెక్కపెట్టాను:
గుణింతానికొకటి, ఒత్తుకి ముందు పొల్లుకొకటి,
ఇంటిపేరుకి పదకొండు, మధ్య ఖాళీకొకటి,
అప్పలనరసకి ఎనిమిది. బండి నిండిపోయింది.
మ, పొల్లు, మళ్లీ మ
స్టేషన్లోనే మిగిలిపోయాయి.

గడి పెంచే అధికారం నాకు లేదన్నాను.
"గడంటే గోనెసంచి లాంటిదా?
సాలకపోతే ఇంకో సంచి ఎత్తుకుంతాం గదా"
అని చీటీ మడిచి రొంటిన దోపుకుంది.

పట్టీ చిట్టచివర "గమనికలు" అని ఒక గడి.
ఎవరూ ఏమీ రాయరు కాబట్టి
ఎవరూ తాళం వెయ్యలేదు.
తెగిపడ్డ ముక్కలన్నీ ఏరి అందులో దాచాను,
ఎక్కువగా మ్మలే,
ఒక సింహాచలానికి చివరి సున్నా.
అచ్చయ్యేటప్పుడు తెచ్చి అతుకుతాను.
ఏప్రిల్ చీటీకి ఆమె మెట్లెక్కలేదు.
మంచి కబురే అనుకున్నాను.

జులైలో ఒక మధ్యాహ్నం నేను టీకి దిగినప్పుడు
దూరం నుంచే ఎవరో లోపలికొచ్చి
గడియారం సరిచేసి వెళ్లిపోయారు.
నాకు చెప్పలేదు.
రోజూలాగే ఆరుంబావు చూసి లేచాను.
ఆటో, పలాస స్టేషను, పరుగు,
నౌపడ వెళ్లే పాసింజరు తోకన ఎర్రదీపం.
రెండేళ్లూ నన్ను ఇంటికి చేర్చింది ఆ తప్పేనన్నమాట.

బెంచీ మీద కూచుంటే ఫోనులో మెయిలు:
"మీ టికెట్ మూసివేయబడింది. మా సేవలకు ఎన్ని చుక్కలు?"
దాని కింద ఆడిటువాళ్లది ఇంకోటి:
"గమనికల గడిలో నూట పద్నాలుగు చోట్ల
మ్మ అని మాత్రమే ఉంది. అర్థం లేని డేటా. తీసేయమంటారా?"

తర్వాతి బండి తొమ్మిదింటికి.
తొందరేం లేదు.
పల్లీలు ఒలుచుకు తిని, చెయ్యి దులుపుకుని,
బొటనవేలితో ఒక్కో అక్షరం నొక్కాను:
"వద్దు.
సందేహముంటే మీ నిర్వాహకుణ్ణి సంప్రదించండి."