వంతెన మీద మూడోవాడు

బొబ్బిలిలో మధ్యాహ్నం బస్సు దిగి
గొల్లపల్లి దాకా నడిచొచ్చింది బోని తవిటమ్మ.
చంకలో పాత లుంగీ మూట.
"వీణలు సేసే బాబువి నువ్వేనేటి?" అంది.
నా ఒళ్ళో సగం తొలిచిన పనస కుండ,
ముక్కు మీద పొట్టు.
జవాబు నేనెందుకు చెప్పాలి?

మూట విప్పింది.
జానెడు ఎత్తు, మూరెడు పొడవు పెట్టె,
నల్లబడిన బెల్లం రంగు.
మూత తీయకముందే వాసన లేచింది.
ఏ ఇంట్లోనో హారతి ఇస్తున్నారనుకున్నాను.
చెక్కే కర్పూరమట.
ఎనభై ఏళ్ళుగా ఎవరూ వెలిగించని కర్పూరం.

"మా మావ రంగం నుంచి తెచ్చినాడు."
అక్కడ ధాన్యం మిల్లులో బస్తాలు మోసేవాడు.
చీనా వడ్రంగి ఒకడు బాకీ కింద ఇచ్చాడని ఈమె మాట,
జూదంలో గెలిచాడని మరిది మాట.
యుద్ధమొస్తే కొండలూ అడవులూ కాలినడకన దాటుతూ
బియ్యం పారేశాడు, దుప్పటి పారేశాడు,
ఇది పారేయలేదు.
ఎందుకంటే చెప్పేవాడు కాదట.

వెలుగులోకి తిప్పాను.
నాలుగు వైపులా ఒకే ఊరు.
కొసలు పైకి తిరిగిన ఇంటికప్పులు, వెదురు పొద,
మన వేగావతి ఇసకలో నిలబడినట్టే
ఒంటికాలి మీద కొంగలు.
పనివాడి పేరు ఎక్కడా లేదు.
కానీ ఉలి చాడీలు చెబుతుంది.
ఎడమచేతివాడు, కోతలన్నీ కుడికి వాలాయి.
ఒక కొంగ రెక్క దగ్గర చెయ్యి జారింది.
జారిన చోట మేఘం చెక్కాడు.
నవ్వొచ్చింది నాకు.
లతల ఆకుల కింద నేనెన్ని జారుళ్ళు దాచానో
వీణ కొన్నవాళ్ళకి తెలియదు.
మాట రాని, మొహం తెలియని ఆ మనిషితో
కాసేపు అలా కూర్చున్నాను,
ఒకే అబద్ధం ఆడిన ఇద్దరు దొంగల్లా.

మూత మీద వంతెన.
ముందు వాడి చేతిలో గొడుగు,
తర్వాతి వాడి భుజాన కావడి.
వాళ్ళ వెనక రెండు పాదాలు,
చీలమండల పైన మనిషి లేడు.

"ఈ మూడోవోడిని సెక్కి పెట్టాల."
ఇశాపట్నం బేరగాడు చూసి వెళ్ళాడట,
బొమ్మ నిండుగా ఉంటే రేటు వేరన్నాడట.
మనవరాలి నర్సింగు ఫీజు సంగతి
ఆ తర్వాతెప్పుడో చెప్పింది.

"వాడి చేతిలో ఏముండేది?"
"నాకేటి తెలుసు బాబూ,
నాను కాపరానికొచ్చేసరికే ఆడు నేడు."

వేలితో తడిమి చూశాను.
కింద పడి విరిగితే చెక్క పీచు లేస్తుంది.
ఇక్కడ రెండు వైపుల నుంచీ నొక్కిన గాటు,
అడకత్తెర గాటు.
"ఇది విరగలేదమ్మా. ఎవరో తుంచారు."

తవిటమ్మ చాలాసేపు పొట్టు వైపు చూసింది.
తర్వాత చెప్పింది,
పక్క పాకలో ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించి.
మావ పిల్లలకి వేలు పెట్టి చూపించేవాడట,
"ఎనకబడిపోనాడే, ఆడు నానే" అని.
ఆయన పోయిన నాడు
చితి మీద వేయడానికి గంధం చెక్క ఎక్కడిది?
అత్త పోకచెక్కలు కొట్టే అడకత్తెర తీసింది.
గోరంత మనిషిని కొడుకు గుప్పిట్లో పెట్టి
శ్మశానానికి పంపింది.
"కాల్తన్నప్పుడు మంచి వోసనొచ్చిందని
మా ఆయన సెప్పేవోడు."

ఉలి కింద పెట్టేశాను.
గాటు అంచును ఆకురాయితో కాస్త రుద్దాను,
వేలికి గుచ్చుకోకుండా.
కూలి వద్దన్నాను. ఒప్పుకోలేదు,
రెండు వక్కలు అరుగు మీద పెట్టి వెళ్ళింది.
అమ్మిందో లేదో నాకు తెలియదు.
ఫీజు కట్టక తప్పదు కదా.

ఆ రాత్రి వీణకి యాళి మొహం చెక్కుతుంటే
కోర దగ్గర ఉలి జారింది.
చెయ్యి అలవాటుగా ఆకు గీయబోయింది.
ఆగి,
మేఘం చెక్కాను.