పట్టూ విడుపూ

నూనె పళ్ళెం విప్పగానే తెలిసిపోయింది.
అడుగంటిన పాల వాసన.
ఎర్రగా ఉండాల్సిన నూనె
కాఫీ గిన్నె కడిగిన నీళ్ళలా ఉంది.
అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు బురద.
మూడో గేరు క్లచ్ పలకలు
ఇన్నాళ్ళూ ఏమైపోయాయో అక్కడ రాసి ఉంది.

"తొక్కితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు"
అన్నాడు కోల్టన్ జెలినెక్, చేతిలో టోపీ తిప్పుతూ.
వారమంతా ధాన్యపు గోదాములో పని,
పోనూ రానూ యాభై మైళ్ళు.
వేసవిలో నాలుగు శనివారాలు మాత్రం
పావు మైలు తారు మీద పిచ్చి.
డెబ్బై రెండు నాటి కారు, తాత కొన్నది.
ఇంజను కొత్తది.
గేర్‌బాక్సేమో పొట్టేలుకు కట్టిన దారప్పోగు.

నేను లిబ్బీని. నెబ్రాస్కా గాలికి మోగే ఈ రేకుల షెడ్డులో
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే బల్ల.
వాడికి చెప్పాను:
కంపెనీవాళ్ళు దీన్ని మర్యాదస్తుడిలా పెంచార్రా.
గేరు మారినట్టు తెలియకూడదు,
ఒళ్ళో కాఫీ తొణకకూడదు.
అందుకని ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని పట్టుకునే నడుమ
కాస్త జారుతుంది.
ఆ జారుడే మెత్తదనం,
ఆ జారుడే మంట.
మర్యాద కోసం కాలిపోతోంది, పాపం.

"అయితే జారకుండా చెయ్యి" అన్నాడు.
ఇరవై మూడేళ్ళకి అన్నీ తేలికే.

చేశాను, చాలా మటుకు.
నాలుగు పలకల డ్రమ్ములో ఐదు పట్టించాను,
నడుమ ఉక్కు బిళ్ళలు పలచనివి వేసి.
బ్యాండు వెడల్పుది. స్ప్రాగ్ గట్టిది.
కొత్త పలకల్ని రాత్రంతా నూనెలో నానేశాను,
అమ్మ ఈస్టర్ రొట్టెల్లోకి గసగసాలు నానేసినట్టు.
వాషర్లు పడిపోకుండా వాజిలీన్ పూశాను.
పగిలిన పెదాలకు రాసేదే.
గొట్టంతో గాలి పెట్టి చెవి ఒగ్గాను:
టప్.
లోపలెక్కడో తలుపు గట్టిగా వేసుకున్న చప్పుడు.
ఆ ఒక్క చప్పుడు కోసమే ఈ పనిలో ఉన్నాను,
ఎవరితోనూ అనను గానీ.

కన్వర్టర్ దగ్గర మొదటి తగువు.
మూడున్నర వేలకు గాని పట్టనిది కావాలన్నాడు.
గోదాము గేటు దగ్గర లారీల వెనక
నలభై నిమిషాలు పాకుతావు కదా, అప్పుడో?
వేడే దీన్ని చంపేది, పందెం కాదు.
రెండు వేల నాలుగు వందలది పెట్టాను.
రేడియేటరు ముందు ఇంకో కూలరు, అడుగున లోతు పళ్ళెం.
మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

వాల్వ్ బాడీ తెరిచిన రోజు మళ్ళీ వచ్చాడు.
పలచటి రేకు, దానికి చిల్లులు.
చిల్లు ఎంత పెద్దదైతే
నూనె అంత తొందరగా దూకుతుంది, గేరు అంత గట్టిగా తంతుంది.
"ఇంకో సైజు పెద్ద డ్రిల్లు పెట్టు."
పక్క సీట్లో ఎవరు కూర్చుంటారని అడిగాను.
"ఎవరూ లేరు."
కాసేపాగి,
"గురువారాలు మామ్మ. తుంటి ఆపరేషనయింది కదా,
లింకన్‌లో నడక నేర్పిస్తున్నారు."

వాడు సిగరెట్‌కని బయటికెళ్ళినప్పుడు
బిట్టు మార్చాను, వెంట్రుకవాసి చిన్నదానికి.
చెప్పలేదు.

ఆగస్టులో ఓడిపోయాడు.
రెండో రౌండులో, బంపరంత తేడాతో.
సోమవారం పొద్దున్నే వచ్చి
టైము అచ్చేసిన చీటీ బల్ల మీద పెట్టాడు.
"రెండో గేరు ఇంకాస్త తన్ని ఉంటే..."
నేను అంకెలు చూడలేదు.
ఇంజను ఆపకుండా డిప్‌స్టిక్ లాగి
చేతికందిన కాగితానికి తుడిచాను. ఆ చీటీయే.
మరక అంకెల మీదుగా పాకింది.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
మాడు వాసన లేదు.
కోసిన బీట్‌రూటంత ఎరుపు.

"మామ్మ ఏమంది?"
"గేరు మారినప్పుడల్లా
ఎవరో వెనక నుంచి భుజం తట్టి
పద, అన్నట్టుందట."

ఆ మాట వాడికి నచ్చలేదనుకుంటాను.
అయినా చీటీ మడిచి,
తడి ఆరకుండానే,
చొక్కా జేబులో పెట్టుకున్నాడు.