రెండో గొట్టం

ఏటుకూరు రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజీ వెనక
రెండున్నర అడుగుల లోతున పలుగు ఆపాం.
తాలుకాయల ఘాటుకి తుమ్ముకుంటూ, ముక్కులకి గుడ్డ కట్టుకుని.

నల్లరేగడి అది.
ఎండలకి నెర్రెలిచ్చి నోరు తెరుస్తుంది,
వానకి ఉబ్బి పక్కనున్నదాన్ని తోస్తుంది.
"ఈ మట్టిలో గొట్టం వేయడమంటే
నిద్రలో దొర్లే మనిషి పక్కన
పసిబిడ్డని పడుకోబెట్టడం" అనేవాడు మీరావలి.
అందుకే కింద జానెడు ఇసక.
పైన ఇసక. ఆ పైన వరసగా ఇటుకలు,
ఇక్కడేదో ఉంది, గునపం ఆపు అని
తర్వాత తవ్వేవాడికి చెప్పడానికి.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు.
కొబ్బరిపీచు రాజేయడం నా పని,
గొట్టం నిండా పొడి ఇసక కూరి
రెండు మూతులకీ గుడ్డపీలికలు బిగించడం నా పని.
ఇసక లేకుండా వంచితే మోచెయ్యి విరిగినట్టు
మడత పడుతుంది. తీగె అక్కడే ఆగిపోతుంది.

మంట తగలకూడదు, సెగ తగలాలి.
మొక్కజొన్న కంకిలా తిప్పుతూ ఉండాలి.
ఉన్నట్టుండి పైన మెరుపొస్తుంది,
అంత గట్టి గొట్టమూ ఉడికిన ములక్కాడై
చేతిలో వేలాడుతుంది.
ఇక పది లెక్కపెట్టేంత సేపే.

మీరావలి భుజం మీది గళ్ల తువ్వాలు
నీళ్లలో ముంచి చుట్టేవాడు,
మోకాలికి ఆనించి మెల్లగా దగ్గరికి తెచ్చేవాడు.
కొలతబద్ద ఉండేది కాదు.
"ఎద్దుబండి మలుపు తిరిగినంత వంపురా,
ఆటో తిరిగినంత కాదు."
మూడు వంపులు దాటనిచ్చేవాడు కాదు.
నాలుగోది తప్పదంటే అక్కడ గుంత తీసి
ఇటుకలతో పెట్టె కట్టించేవాడు.
"లాగే భుజం నీది కాదు కదా అని వంచుకుంటూ పోకు."

ఓనరు ఒక్క గొట్టం చాలన్నాడు.
మీరావలి రెండేశాడు.
రెండోదాని డబ్బు తన కూలిలో పట్టుకోమన్నాడు.
అందులో ఏమీ లేదు,
రెండు చివర్లా మేకులకి కట్టిన నైలాను తాడు తప్ప.
"ఎవరికి బాబాయ్ ఇది?"
"తెలిస్తే పేరు రాసేవాణ్ణి కదరా."

నిన్న మళ్లీ తవ్వాం, ఇరవై రెండేళ్లకి.
కొత్త కంప్రెసర్లొచ్చాయి, పాత కేబులు చాలదు.
దీవెనమ్మ పార ఇటుకకి తగిలి ఠంగుమంది.
ఆమె ఆగింది.

మొదటి గొట్టం జాయింటు దగ్గర ఊడి
బారెడు పొడుగున బురద తాగి ఉంది.
ఆ జాయింటు నేను అతికించిందే.
సొల్యూషన్ ఆరకముందే గుంతలోకి దించేశాను,
టీ తాగడానికి పోవాలని.
ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

రెండోది దించినది దించినట్టే ఉంది.
వంపు మీది మట్టి బొటనవేలితో తుడిస్తే
ప్లాస్టిక్కు మీద సన్నటి నేత కనిపించింది.
పడుగూ పేకా.
మెత్తగా ఉన్నప్పుడు అద్దుకున్న తువ్వాలు.

తాడు పట్టి లాగాను.
ముందు ఏమీ లేదు.
తర్వాత అరవై అడుగుల అవతల నుంచి
జోషయ్య కేక: "కదిలిందన్నా!"

సబ్బునీళ్లు పోసి కేబులు ఎక్కించాం.
ఒక్కో వంపు దగ్గర
భుజానికి కాస్త బరువు తెలిసింది, అంతే.

సాయంత్రం మీరావలికి ఫోను చేశాను.
చెవులు సరిగ్గా వినపడటం లేదు.
"ఏ వంపు? ఎన్నెన్ని వంచాం రా," అన్నాడు.
కాసేపాగి, "తాడు చివికిందా?"
లేదన్నాను.
"నైలాను," అన్నాడు. పెట్టేశాడు.

నా జాయింటున్న గొట్టం తీసేసి
ఆ చోట కొత్తది వేశాం.
సొల్యూషన్ రాసి, గట్టు మీద కూర్చుని,
ఆరేదాకా చూస్తూ ఉన్నాను.
టీ చల్లారిపోయింది.

ఖాళీ గొట్టంలో తాడెందుకన్నా
అని అడిగాడు జోషయ్య.
ఇటుకలు అందించమన్నాను.