ఖాళీ కడుపున

మిన్స్క్‌లో డాక్టరమ్మ అడిగింది:
"ఆ మే నెలలో పాలు తాగారా?"

తాగకేం!
బ్రాగిన్ పక్కన అమ్మమ్మ పెరడు,
మలీనా అనే ఎర్రావు,
పొదుగు కిందే రేకు గ్లాసు.
చాలన్నా వినేది కాదు.
నా నురగ మీసం తన తలగుడ్డ కొసతో తుడిచేది.

నెల తిరక్కుండా ఆవుని లారీ ఎక్కించారు,
మమ్మల్ని బస్సు.

ముప్ఫై ఏడేళ్లు
గొంతులో చప్పుడు చెయ్యకుండా కూచుంది
ఆ గ్లాసెడు మే నెల.

థైరాయిడ్ తీసేశారు. మెడ మీద అడ్డగీత.
కోయిర్‌లో పెదాలు కదుపుతానంతే.
తెల్లారగట్ల చిన్న మాత్ర, మంచినీళ్లు.
ఆ తర్వాత నాలుగ్గంటలు
పాలు ముట్టకూడదట.

అమ్మమ్మకి తొంభై దగ్గర పడింది. ఫోన్లో అంటుంది:
"గొంతు బొంగురుపోయిందేం యాద్జా?
వేడిగా పాలు తాగు."

తాగుతున్నానంటాను.